పది ఎడమకాళ్ళు

పింగాణీ ఫ్యాక్టరీలో ఆ మనిషిని అందరూ గడియారం అనేవారు. ఎవరో మెచ్చుకుని ఆ పేరు పెట్టారని అతను చెప్పుకునేవాడు గానీ, అది తనకు తాను పెట్టుకున్న పేరే. నలుగురి నోళ్ళలో నానేదాకా విడవకుండా చెప్పుకు తిరిగాడు. "నేను గడియారాన్నిరా! నా చేతిలో దెబ్బ వెంట్రుకవాసి అటూ ఇటూ జరగదు" అనేవాడు. జనం విసుగెత్తి, సరేలే, పిలిస్తే పోయేదేముంది అని పిలవడం మొదలుపెట్టారు. లోకంలో చాలా బిరుదులు ఇలాగే వస్తాయి.

అతని పని కప్పులు తట్టి చూడడం. బట్టీలో కాలిన కప్పులూ సాసర్లూ చల్లారాక అతని బల్ల మీదికి వచ్చేవి. ఒక్కొక్కదాన్ని ఎడమ అరచేతిలో నిలబెట్టి, సన్నటి చెక్కపుల్లతో అంచు మీద ఒక్కటి తట్టేవాడు. ఖంగుమంటే మంచి సరుకు, పెట్టెలోకి. మొద్దుగా పలికిందంటే కంటికి కనపడని పగులుందన్నమాట, పక్కనున్న పెంకుల గుట్టలోకి. రోజుకు రెండువేల కప్పులు. ముప్పై ఏళ్ళు. సిమెంటు నేల మీద, బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడి. ఇన్నేళ్ళు అదే పని చేసేసరికి అతనికి మనుషులూ అలాగే కనపడసాగారు. ఎవరైనా రెండు మాటలు మాట్లాడితే చాలు, "పగులు" అని తేల్చేసేవాడు. మేనేజరు పగులు. పక్కింటాయన పగులు. పెళ్ళాం తరఫు చుట్టాలైతే బట్టీలోంచి వస్తూనే పగిలిన సరుకు. ఈ భూమ్మీద ఖంగుమని పలికేవాడు తనొక్కడే. ఆ ఒక్కడూ పగలకుండా ఉన్నాడో లేదో తట్టి చూసేవాళ్ళు ఎవరూ లేరు కదా!

ఫ్యాక్టరీకి ఒక డ్రమ్ముల వరుస ఉండేది. ఏటా ఊళ్ళో ఫ్యాక్టరీలూ ఆఫీసులూ అన్నీ కలిసి పెద్ద వీధిలో కవాతు చేసేవి. ఆ రోజు ఈ పదిమందీ ఎర్రకోట్లు తొడుక్కుని, డ్రమ్ములు తగిలించుకుని నడిచేవారు. ఊదేవాళ్ళు ఎవరూ లేరు, అందరూ బాదేవాళ్ళే. ముందు నలుగురు, వాళ్ళ వెనక నలుగురు చిన్న డ్రమ్ములతో. ఆ వెనక పొట్టకు పెద్ద డ్రమ్ము కట్టుకున్నవాడొకడు, పక్కనే ఇత్తడి తాళాలు కొట్టేవాడొకడు. ముందు వరుసలో కుడి మూల గడియారానిది. కవాతులో అందరూ కుడివైపు చూసి వరుస సరిచేసుకోవాలి, కుడి మూలనున్నవాడు మాత్రం ఎవర్నీ చూడనక్కర్లేదు. తనను తొమ్మిదిమంది చూడాలి, తాను ఒక్కణ్ణీ చూడక్కర్లేదు. గడియారంలాంటివాడికి ఇంతకంటే స్వర్గం ఏముంటుంది? ఇరవైరెండేళ్ళుగా ఆ మూల పట్టుకుని ఉన్నాడు. ఏడాదిలో మిగతా అన్ని రోజులూ అతను ఉత్త కప్పులు తట్టేవాడు, ఆ ఒక్కరోజు మాత్రం ఊరు ఊరంతా అతని చేతి దెబ్బకు తల ఊపేది. ఆ మూల పోతే తనకు ఇంకేమీ లేదని అతనికి బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఎప్పుడూ పైకి అనేవాడు కాదు.

ఆదివారం ఆదివారం ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో సాధన చేయించేవాడు. సాధన అంటే ముప్పావు వంతు తిట్లు.

"నిలబడకూడదు. కిందపడినదాన్ని వంగి తీయకూడదు. ముందున్నవాడు గోతిలో పడితే మీరూ పడండి, కానీ అందరూ ఒకేసారి పడండి! పదిమంది కలిసి తప్పు కొడితే అది వాయిద్యం. తొమ్మిదిమంది తప్పులో ఒక్కడు ఒప్పు కొడితే అది గోల. ఎక్కిందా మట్టి బుర్రలకి?"

ఎక్కిందనే అనేవాళ్ళు వాళ్ళు. ఎక్కలేదంటే మళ్ళీ మొదట్నుంచీ చెప్తాడు.

అలాగని ఆ తొమ్మిదిమందీ ఘనులని కాదు. గడియారం తిట్టిన తిట్లలో సగం వాళ్ళకు అక్షరాలా తగినవే. పెద్ద డ్రమ్ము కొట్టేవాడు బట్టీ దగ్గర పనిచేసే లావుపాటి మనిషి, గుమ్మడి అనేవారు. ఒక ఏడు పెద్ద వీధి పల్లంలోకి దిగేచోట వాడి డ్రమ్ము కొక్కెం ఊడింది. డ్రమ్ము దొర్లుకుంటూ రెండు వరుసలనూ చీల్చుకుని ముందుకొచ్చి, గడియారాన్ని దాటి, ముందు నడుస్తున్న పోస్టాఫీసు వాళ్ళను చెల్లాచెదురు చేసి, అందరికంటే ముందు వేదిక దగ్గరికి చేరింది. వేదిక మీదున్న పెద్దమనిషి అదేదో కార్యక్రమంలో భాగమనుకుని లేచి డ్రమ్ముకు సెల్యూట్ చేశాడు. వెనక గుమ్మడి ఏం చేశాడయ్యా అంటే, ఆగకూడదని చెప్పారు కదా అని, ఉత్త గాలిని కర్రతో బాదుకుంటూ అడుగు తప్పకుండా నడిచాడు. "నీ బుర్ర దొర్లిపోయినా నీకు తెలియదురా" అన్నాడు గడియారం సాయంత్రం.

మరో ఏడు తాళాలవాడి వంతు. తాళాలవాడు గడియారానికి స్వయానా బామ్మర్ది. ప్యాకింగు షెడ్డులో కప్పులకు గడ్డి చుట్టే పని. గడియారం దృష్టిలో వాడు చేయగలిగిన ఘనకార్యం కూడా అదే. "మా తమ్ముణ్ణి కూడా వేసుకోండి, వాడూ నలుగురిలో కనపడతాడు" అని పెళ్ళాం ఏడాదిపాటు పోరుపెడితే, ఏ వాయిద్యమూ రానివాడికి ఏది ఇస్తే నష్టం తక్కువో ఆలోచించి తాళాలు చేతిలో పెట్టాడు. ఆ ఏడు మేనేజరుకు షోకు పుట్టి అందరికీ టైలు కొనిచ్చాడు. మొదటి వీధి మలుపులోనే బామ్మర్ది టై రెండు తాళాల మధ్య ఇరుక్కుంది. లాగితే మెడ వంగుతుంది, ఆగితే బావ తిడతాడు. పాపం, ప్రతి దెబ్బకూ మెడ వంచుకుంటూ అర మైలు నడిచాడు. ఇటూ అటూ నిలబడ్డ జనం, ఎంత మర్యాదస్తుడో అనుకుని, తిరిగి వంగి నమస్కారాలు పెట్టారు. ఒక ముసలమ్మ దీవించింది కూడా.

ఆ తర్వాతి ఏడు సాసర్లకు రంగులద్దే మనిషి చేతిలోంచి పుల్ల జారి ఎగిరింది. మేడ మీద వరండాలో గడ్డం గీసుకుంటున్న ఒకాయనకు తగిలింది. ఆయన కోపంతో పుల్లతోపాటు సబ్బు గిన్నె కూడా విసిరాడు. గిన్నె వచ్చి సూటిగా డ్రమ్ము మీద పడింది. ఆగకూడదు కదా, రంగులద్దేవాడు ఆ నురగ మీదే కొట్టాడు. దెబ్బ దెబ్బకూ నురగ చింది, వేదిక దగ్గరికి చేరేసరికి ముందు వరుస నలుగురి మొహాలూ తెల్లబడి ఉన్నాయి. గడియారం మొహం కూడా. ఆ మొహంతోనే అతను ఛాతీ విరుచుకుని, ఎవర్నీ చూడకుండా, వేదికను దాటాడు. ఆ రోజు వాళ్ళను తిట్టడానికి మాటలు దొరక్క, ఇంటికెళ్ళి పెళ్ళాన్ని తిట్టాడు.

అలాంటి వరుస గత రెండేళ్ళుగా బాగుపడింది. ఎంత బాగుపడిందంటే, దెబ్బ దెబ్బకూ పదిమందీ ఒక్కటైపోయేవారు. పుల్ల జారలేదు, కొక్కెం ఊడలేదు. దెబ్బలో కూడా ఒక కొత్త ఊపు వచ్చింది. టక్... టటక్, టక్... టటక్ అని, మధ్యలో చిన్న విరామం, ఆ వెంటనే తొందర. మిగతా ఫ్యాక్టరీల వాళ్ళు కర్రలు విరిచినట్టు సాదాగా కొట్టుకుపోయేవారు. "చూశారా? వాళ్ళది లెక్క, మనది లయ! ఇరవై ఏళ్ళు తిడితే గాని ఈ రాళ్ళకు చెవులు మొలవలేదు" అనేవాడు గడియారం. తొమ్మిదిమందీ తలలు దించుకుని వినేవారు. గుమ్మడి మాత్రం ఎందుకో దగ్గేవాడు.

ఈ రెండేళ్ళలోనే అతని ఎడమ మోకాలు చెడిపోయింది. ఆ మాట అతను ఒప్పుకునేవాడు కాదు. పొద్దున మంచం దిగడానికి గోడ పట్టుకునేవాడు. రాత్రి పెళ్ళాం వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టేది.

"ఆ డ్రమ్ము వదిలెయ్యకూడదూ? కాలు ఈడుస్తున్నారు" అంది ఒకసారి.

"ఎవరు ఈడ్చేది? ఇంటి నేలే ఎగుడుదిగుడుగా ఉంది. మీ అన్నదమ్ములు కట్టించిన గచ్చు కదూ!" అన్నాడు.

వీధిలో పిల్లలు డ్రమ్ముల పక్కన నడుస్తూ ఒక కాలు ఈడుస్తుంటే, పెద్దంతరం చిన్నంతరం లేని వెధవలని కసిరాడు. బూట్లు కుట్టేవాడి దగ్గరికెళ్తే, వాడు అతని ఎడమ బూటు తిరగేసి చూసి, "ఏమండీ, మీ ఫ్యాక్టరీలో అందరికీ ఇదే జబ్బా? మొన్న మీ లావుపాటాయనదీ ఇలాగే, మీ బామ్మర్దిగారిదీ ఇలాగే. ఎడమకాలి బొటనవేలి దగ్గరే అరిగిపోతోంది" అన్నాడు. నువ్వు వేసే తోలు అలాంటిది అన్నాడు గడియారం. గురివింద గింజకు తన నలుపు కనపడకపోవడం సరే, బూట్లవాడు అద్దంలా చూపించినా కనపడకపోతే ఏం చేస్తాం?

ఈలోగా కొత్త మేనేజరు వచ్చాడు. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే మార్పులు మొదలుపెట్టే రకం. ఒకరోజు గడియారం మెట్లెక్కుతూ రెండు చేతులా కమ్మీ పట్టుకోవడం చూశాడు. మర్నాడు నోటీసు బల్ల మీద కాగితం అంటించారు. డ్రమ్ముల వరుసకు కుడి మూల ఎవరు నిలబడాలో ఈ ఏడు కవాతు చూశాక మేనేజరే నిర్ణయిస్తాడట. బామ్మర్ది పేరు కూడా వినపడుతోందని రంగులద్దేవాడు చెప్పాడు.

గడియారానికి తిన్న అన్నం వంటబట్టలేదు. ఉద్యోగం ఇంకా రెండేళ్ళుంది. ఆ రెండు కవాతులూ కుడి మూల నడిచి, ఆ తర్వాత చచ్చినా ఫరవాలేదనుకున్నాడు. అందులోనూ ఆ చోటు గడ్డి చుట్టేవాడికా! టై ఇరుక్కుని ఊరందరికీ వంగి దణ్ణాలు పెట్టినవాడికా! ఈసారి కవాతులో తొమ్మిదిమంది ఎలా ఏడ్చినా, తను మాత్రం మేనేజరు కళ్ళు తిరిగేలా నడిచి చూపించాలని పట్టుపట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు, తన కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయని నమ్మడంలో వింతేముంది?

కవాతు రోజు ఎండ బాగా కాసింది. పెద్ద వీధి నిండా జనం. పోస్టాఫీసు వాళ్ళ వెనక ఎర్రకోట్ల వరుస బయల్దేరింది. టక్... టటక్, టక్... టటక్. గడియారం గడ్డం పైకెత్తి నడుస్తున్నాడు. మోకాలు లోపల సూదులు గుచ్చుతున్నట్టుంది గానీ అతని మొహంలో ఒక్క కండరం కదల్లేదు. వెనక తొమ్మిదిమంది దెబ్బ అచ్చు గుద్దినట్టు పడుతోంది. వేదిక ఇంకా రెండువందల అడుగుల దూరంలో ఉంది. అక్కడ ఎత్తు కుర్చీలో మేనేజరు కూర్చున్నాడు.

వేదికకు ముందు, వీధికి కుడివైపున, కొత్తగా కట్టిన బ్యాంకు ఉంది. గోడంతా నిలువెత్తు అద్దాలే. కవాతులో తల తిప్పకూడదు కాబట్టి గడియారం ఓరకంట చూశాడు. పక్క వీధిలోంచి వేరే ఏదో వరుస వస్తున్నట్టు కనపడింది. ఎర్రకోట్లే. మా రంగు కాపీ కొట్టార్రా దొంగలు, అనుకున్నాడు. తర్వాత వాళ్ళ నడక చూశాడు. పదిమందికి పదిమందీ ఒక కాలు ఈడుస్తున్నారు. పదిమంది తలలూ ఒక్కసారే ఒక పక్కకు ఒరుగుతున్నాయి, ఒక్కసారే లేస్తున్నాయి. గడియారానికి లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. ఎవడ్రా ఈ కుంటి మేళాన్ని రోడ్డెక్కించింది? ఆ ముందున్నవాడెవడు? అసలు కాలే లేనట్టు ఈడుస్తున్నాడు, పైగా గడ్డం ఎలా ఎత్తాడో చూడు, కుంటివాడికి కులాసా ఎక్కువ!

ఆ ముందున్నవాడికి అచ్చు తనలాంటి మీసమే ఉంది. తనలాగే చెమట తుడుచుకోవడానికి భుజం ఎత్తాడు.

అద్దంలో ఉన్నది తానేనని గడియారం గుర్తుపట్టాడు. చేతులు మాత్రం ఆగలేదు, ఇరవైరెండేళ్ళ చేతులవి. టక్... టటక్. ఆ విరామం ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఎడమకాలు నేల మీద ఆనడానికి భయపడి ఆలస్యం చేసిన క్షణం అది. ఆ వెంటనే వచ్చే తొందర, నొప్పి తప్పించుకోవడానికి కుడికాలు వేసిన ఉరుకు. తను లయ అని ఊరంతా చెప్పుకున్నది తన మోకాలి నొప్పి. ఆ నొప్పినే రెండేళ్ళుగా తొమ్మిదిమంది డ్రమ్ముల మీద కొడుతున్నారు, రోడ్ల మీద నడుస్తున్నారు.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు వెంటనే కోపమైంది, అతనికి తెలిసిన దారి అదొక్కటే. జాలి! తొమ్మిది పగుళ్ళు కలిసి తన మీద జాలి చూపిస్తున్నాయి! చూపిస్తాను నడకంటే ఏమిటో, అనుకున్నాడు. పళ్ళు బిగించి, ఎడమకాలు ఎత్తి, నేల అదిరేలా వేశాడు. మోకాల్లో మేకు దిగినట్టయింది. మళ్ళీ వేశాడు. టక్, టక్, టక్, టక్. నిక్కచ్చిగా, సాదాగా, కర్ర విరిచినట్టు.

దాంతో ఇరవైరెండేళ్ళ చరిత్రలో లేనంత ఘోరం జరిగింది. వెనకవాళ్ళ చెవులు అతని దెబ్బ వెంట పోయాయి, కాళ్ళు మాత్రం అలవాటు వెంట పోయాయి. రంగులద్దేవాడు కాలు ఈడ్చబోయి, మధ్యలో మానుకుని, పక్కవాడి డ్రమ్ము పట్టీలో చెయ్యి ఇరికించుకున్నాడు. ఇద్దరూ ఒకరి డ్రమ్ము ఒకరు కొడుతూ వీధికి అడ్డంగా తిరిగారు. రెండో వరుస వాళ్ళ మీద పడింది. గుమ్మడికి తన డ్రమ్ము అవతల ఏం జరుగుతోందో ఏనాడూ కనపడదు. వాడు ముందువాళ్ళు ఉన్నారనుకున్న చోటికి నిబ్బరంగా నడుచుకుంటూ వచ్చి, నలుగురిని పొట్టతో ఎత్తి పక్కన పడేశాడు. బామ్మర్ది తాళాలు తెరిచి మూసేసరికి మధ్యలో ఎవరిదో టోపీ వచ్చింది. ఆ టోపీ కింద తల కూడా వచ్చేదే, ఆ మనిషి అప్పటికే కూలబడ్డాడు కాబట్టి బతికిపోయాడు. సరిగ్గా మేనేజరు కుర్చీ ఎదురుగా ఎర్రకోట్లన్నీ ఒక కుప్పయ్యాయి. గడియారం ఒక్కడే, ఎవర్నీ చూడకుండా, తిన్నగా, అద్భుతంగా, ఇరవై అడుగులు ముందుకు నడిచి, వెనక ఏ చప్పుడూ లేకపోతే తిరిగి చూశాడు.

జనం నవ్వు వేదిక వెనక నీళ్ళ పంపు దాకా వినపడింది. అక్కడికే చేరారు అందరూ, మోచేతులు కడుక్కోవడానికి. గడియారం రాతి గట్టు మీద కూలబడ్డాడు.

"ఎవరు చెప్పారురా మీకు?" అన్నాడు బామ్మర్దితో. "కుంటమని ఎవరు చెప్పారు? నేనేమన్నా ముష్టివాణ్ణా, జాలిపడడానికి?"

బామ్మర్ది పగిలిన పెదవి తడుపుకుంటూ అతని వైపు వింతగా చూశాడు.

"జాలేంటి బావా? నువ్వే కదా చెప్పింది. ముందున్నవాడు గోతిలో పడితే మీరూ పడండి, కానీ ఒకేసారి పడండి అని. పడ్డాం."

"నాతో ఒక్కమాట అనొచ్చు కదరా!"

"నీతోనా?" అన్నాడు గుమ్మడి. ఎవరూ నవ్వలేదు.

"మొదట గుమ్మడి పట్టాడు" అన్నాడు బామ్మర్ది. "వాడికి నీ దెబ్బ కడుపులో తెలుస్తుంది. అన్న దెబ్బ మారింది, మనం మారకపోతే అన్న తప్పయిపోతాడు అన్నాడు. అంతే. మధ్యాహ్నం తిండి మానుకుని గడ్డిషెడ్డు వెనక ప్రాక్టీసు చేశాం. నువ్వు ఎంత ఈడుస్తావో, ఎక్కడ ఆగుతావో, అంతా నేనే కొలిచి చెప్పేవాణ్ణి. మామూలుగా కుంటడం ఎవడికైనా వస్తుంది బావా, నీలాగా కుంటడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడేమో రోడ్డు మధ్యలో, చెప్పాపెట్టకుండా, బాగుపడిపోతే మేమేం కావాలి?"

ఇరవైరెండేళ్ళలో వీళ్ళకు తను నేర్పిందేదీ ఎక్కలేదనుకున్నాడు గడియారం. ఎక్కింది. ఇంత బాగా ఎక్కుతుందని తెలిస్తే ఇంకేదైనా నేర్పేవాడేమో.

అంతలో మేనేజరు రుసరుసలాడుతూ వచ్చాడు. ఫ్యాక్టరీ పరువు వీధిలో కలిసిందని, ఈ నిర్వాకం ఎవరిదో ఇప్పుడే తేలాలని అన్నాడు.

"నాదేనండీ" అన్నాడు గుమ్మడి. "నా పొట్ట అడ్డమొచ్చింది."

"కాదండీ, నాది" అన్నాడు రంగులద్దేవాడు. మిగతావాళ్ళు కూడా నాదంటే నాదని మొదలుపెట్టారు. సాధనలో ఏనాడూ ఇంత కలిసి పలకలేదు వెధవలు.

"నోళ్ళు మూయండి!" అన్నాడు గడియారం. లేచి నిలబడబోయి, మోకాలు సాగక, బామ్మర్ది భుజం పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ భుజం పట్టుకోవడం అదే మొదలు. "నాదండీ తప్పు. కాలు చెడిపోయి రెండేళ్ళయింది. నడక నాది, దెబ్బ నాది. వీళ్ళు నా వెనకాల వచ్చారు, అంతే."

తిట్టడానికి వచ్చినవాడికి ఎదుటివాడు ఒప్పేసుకుంటే చేతులు విరిచినట్టుంటుంది. "మరి ఆ మూలకు ఎవరిని పెట్టమంటారు?" అని అడిగాడు మేనేజరు.

గడియారం తొమ్మిదిమంది వైపూ చూశాడు. నిజానికి ఇంతకాలం వాళ్ళ మొహాలు ఎప్పుడూ చూడలేదు, కుడి మూలవాడు ఎవర్నీ చూడక్కర్లేదు కదా. ఎనిమిదిమందికి ఒక మనిషి నొప్పిని కొలిచి, విడగొట్టి, దెబ్బలుగా నేర్పిన గడ్డి చుట్టేవాడి మొహం దగ్గర చూపు ఆగింది. ఆ పని తనవల్ల అయ్యేది కాదని తెలిసింది, తెలియడం ఏమీ బాగాలేదు.

"వీణ్ణి పెట్టండి" అన్నాడు మొహం చిట్లించి. "ఉన్న పగుళ్ళలో చిన్న పగులు వీడే."

అలా కుడి మూల పోయింది. డ్రమ్ము విప్పి బామ్మర్దికి ఇచ్చేటప్పుడు పట్టీ బిగింపు ఏ కన్నంలో పెట్టాలో చెప్పాడు. ఇంటికొచ్చి రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏడుపొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకోవడం అలవాటైన మనిషికి, కోపానికి ఎవరూ దొరక్కపోతే చాలా కష్టం.

మూడు వారాలకు బామ్మర్ది అతని బల్ల దగ్గరికొచ్చాడు.

"బావా, మావల్ల కావట్లేదు. తిన్నగా నడుద్దామంటే కాళ్ళు వినట్లేదు. పదడుగులు బాగానే ఉంటుంది, పదకొండో అడుగులో అందరం మళ్ళీ నువ్వైపోతాం. ఆదివారం వచ్చి ఊరికే కూర్చో."

"నాకేం పనిలేదనుకున్నావా?" అన్నాడు గడియారం. ఆదివారం అందరికంటే ముందే వెళ్ళాడు.

కప్పుల పెట్టె మీద కూర్చోబెట్టారు. నిలబడనక్కర్లేదు, నడవనక్కర్లేదు. ఎదురుగా ఒక చెక్క పెట్టి, రెండు పుల్లలిచ్చారు. కాలి పెత్తనం లేకపోయేసరికి అతని చేతులు ఎప్పట్లాగే పలికాయి, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా. నోరు కూడా ఎప్పట్లాగే పలికింది. "ఈడ్చకురా! కాలా అది, గోనెసంచా? ఒరేయ్ గుమ్మడీ, నువ్వు కుంటింది చాలు, ఇప్పుడు మనిషిలా నడువు!" నాలుగు ఆదివారాలు పట్టింది. అతని కుంటు ఒక్కొక్కరి కాళ్ళలోంచి, ముల్లు తీసినట్టు, తనే తీశాడు. బామ్మర్ది కాల్లోంచి అన్నిటికంటే ఆఖర్న పోయింది.

ఐదో ఆదివారం బామ్మర్ది కుడి మూల నిలబడి, ఈసారి రోడ్డు మీద నడిచి చూస్తామన్నాడు. వరుస గేటు దాటి వీధిలోకి వెళ్ళింది. గడియారం పెట్టె మీదే కూర్చుని చెవులు రిక్కించాడు. తప్పు పట్టుకోవడానికి తయారుగా ఉన్నాడు. ఒక్కటి చాలు, చిన్నదైనా చాలు, గేటు దాకా వెళ్ళి అరిచేవాడు. వీధి చివర మలుపు తిరుగుతున్నారు, అక్కడ ఎప్పుడూ రంగులద్దేవాడు తడబడతాడు. తడబడలేదు. పల్లం దిగుతున్నారు. గుమ్మడి తొందరపడలేదు. దెబ్బ సన్నబడింది, తిన్నగా, కుదురుగా, ఇంకా సన్నబడింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. వాళ్ళకు తన అవసరం లేదని చెప్పడానికి ఎవరూ నోరు తెరవక్కర్లేకపోయింది. చప్పుడు పూర్తిగా ఆగిపోయాక కూడా చాలాసేపు అలాగే విన్నాడు. తర్వాత లేచి, గోడ పట్టుకుని, ఇంటికి వచ్చాడు.

పెళ్ళాం వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఆదివారం సాధన నుంచి వచ్చాక గంటసేపు తిట్లు వినడం ఆవిడకు ఏళ్ళ తరబడి అలవాటు. అడగకపోతే ఇంకా ఎక్కువ తిడతాడని తనే అడుగుతుంది.

"ఎలా వాయించారు మీవాళ్ళు?"

అతను మంచం మీద కూర్చుని బూటు విప్పుతున్నాడు.

"బాగా వాయించారు" అన్నాడు.

గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది. అతని మొహంలోకి చూసి, నుదుటి మీద చెయ్యి వేసి, మెడ దగ్గర చూసి, మళ్ళీ నుదుటి మీద వేసింది.

"ఒళ్ళేమీ కాలట్లేదే!" అంది భయంగా.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ చేతిని ఎన్నిసార్లు విసిరికొట్టాడో లెక్కలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుని, "తియ్యకు, కాసేపు అలాగే ఉంచు" అన్నాడు.